ధ్వని, కాంతి పాఠాలకు గోదావరి ఒడ్డున ఒక పరీక్ష

పాఠ్యపుస్తకంలోని ప్రతి వాక్యానికీ రెండు పరీక్షలు ఉంటాయి. ఆ వాక్యం శాస్త్ర దృష్ట్యా సరియైనదా అన్నది మొదటిది. దానిని నేర్చుకున్న విద్యార్థి తరగతి గది వదలి బయటికి వచ్చినప్పుడు, తన కంటికి కనిపించేదానితో, చెవికి వినిపించేదానితో దానిని సరిపెట్టుకోగలడా అన్నది రెండవది. ఉన్నత పాఠశాలల్లో బోధించే భౌతికశాస్త్రంలో ధ్వని, కాంతి అనే పాఠాలకు ఈ రెండవ పరీక్ష చాలా ముఖ్యం. విద్యుత్తు గురించి తెలుసుకోవాలంటే తీగలు, ఘటాలు, మీటర్లు కావాలి. ధ్వనికీ కాంతికీ కావలసిన మొదటి పరికరాలు చెవీ, కన్నూ. అవి ప్రతి విద్యార్థి వెంటా బడికి వస్తాయి, బడి విడిచిన తరువాత కూడా అతని వెంటే ఉంటాయి. కనుక ఈ పాఠాలలో ఏదైనా లోపం ఉంటే విద్యార్థి దానిని సాయంత్రానికల్లా గుర్తిస్తాడు. అయితే గుర్తించినా పైకి చెప్పడు. పుస్తకంలో ఉన్నది పరీక్షకు, బయట కనిపించేది బ్రతుకుకు అని రెండు ఖాతాలు పెట్టుకుంటాడు. ఇదే అసలు నష్టం.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ మండలం ఈ రెండవ పరీక్షకు తగిన చోటు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. మండలంలోని కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆవలి ఒడ్డున మహారాష్ట్రకు చెందిన సిరోంచ ప్రాంతం ఉంది. ఒకవైపు అడవి, మరొకవైపు విశాలమైన నది, వేసవిలో ఇసుక తిన్నెలు, వానాకాలంలో ఉరుములూ మెరుపులూ. ఇటువంటి ప్రాంతంలో పెరిగిన విద్యార్థికి ధ్వని, కాంతుల అనుభవం పట్టణపు విద్యార్థికంటే ఎక్కువే గాని తక్కువ కాదు. ఆ అనుభవం ముందు పుస్తకంలోని వాక్యాలు ఎట్లా నిలుస్తాయో చూడటం ఉపాధ్యాయులకు ఉపయోగకరం.

అట్లా చూసినప్పుడు ముఖ్యంగా రెండు లోపాలు బయటపడతాయి. మొదటిది, పుస్తకం నియమాన్ని చెప్పి ఆ నియమం ఏ షరతుకు లోబడి పనిచేస్తుందో చెప్పకుండా వదలివేయటం, లేక చెప్పినా ఒక మూల ఒక్క మాటతో సరిపెట్టటం. రెండవది, ధ్వనిని ఒక అధ్యాయంలోనూ కాంతిని మరొక అధ్యాయంలోనూ చెప్పి ఆ రెండింటినీ ఎన్నడూ పక్కపక్కన నిలబెట్టకపోవటం. ఈ రెండు లోపాలకూ సంబంధం ఉంది. షరతులను గుర్తుపెట్టుకుంటే ధ్వనీ కాంతీ ఎక్కడ ఒకే దారిన నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో దానంతట అదే తెలుస్తుంది.

ఋజుమార్గం ఎంతవరకు?

"కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది" అన్నది కాంతి పాఠంలో మొదటి వాక్యం. మూడు అట్టలకు రంధ్రాలు చేసి, వాటి వెనుక కొవ్వొత్తి పెట్టి దీనిని రుజువు చేస్తారు. ప్రయోగం మంచిదే. నీడలు, గ్రహణాలు, సూదిబెజ్జం కెమెరా అన్నీ ఈ నియమంతో అర్థమవుతాయి. కాని వాక్యం పూర్తిగా చెప్పాలంటే "అంతటా ఒకే తీరుగా ఉన్న యానకంలో" అన్న మాటలు చేర్చాలి. ఆ మాటలు చేర్చని వాక్యం సగం నిజం.

ఆ మిగిలిన సగాన్ని వేసవి మధ్యాహ్నం గోదావరి ఇసుకే చూపిస్తుంది. ఎండకు కాలిన ఇసుక మీద దూరంగా నీళ్లు నిలిచినట్లు కనిపిస్తుంది. ఆ వైపు నడిస్తే ఆ నీళ్లు అంతే దూరం వెనక్కు జరుగుతాయి. ఎండమావి అన్న మాట తెలియని తెలుగువాడు ఉండడు. అడియాసకు అది మన కావ్యాలలో పాతుకుపోయిన ఉపమానం. అయితే కవి "లేని నీరు" అని వదలివేసినదానిని భౌతికశాస్త్రం అట్లా వదలకూడదు. ఎండమావి భ్రమ కాదు. అక్కడ నీరు లేదన్నది నిజం, కాని అక్కడి నుండి కంటికి చేరుతున్న కాంతి మాత్రం నిజమైనది. కెమెరాతో తీస్తే ఫొటోలో కూడా అది పడుతుంది. కనిపించేది ఆకాశం నుండి వచ్చిన కాంతి. అది నేరుగా రాక, ఇసుకను దాదాపు తాకుతూ వంగి, పైకి లేచి కంటిని చేరింది. ఋజుమార్గం తప్పటానికి కారణం గాలి అంతటా ఒకే తీరుగా లేకపోవటం. ఇసుకకు ఆనుకుని ఉన్న గాలి మిక్కిలి వేడిగా, పలుచగా ఉంటుంది. పైగాలి అంతకంటే చల్లగా, సాంద్రంగా ఉంటుంది.

పరావర్తనమా, వక్రీభవనమా?

ఎండమావిని సంపూర్ణాంతర పరావర్తనానికి ఉదాహరణగా చెప్పటం పాఠాలలో పరిపాటి. ఇక్కడ వివరణ కంటే దాని పక్కన వేసే బొమ్మ ఎక్కువ హాని చేస్తుంది. బొమ్మలో ఒక తాటిచెట్టు, దాని పైనుండి ఏటవాలుగా దిగే కిరణం, నేల దగ్గర ఒక గీత, ఆ గీత మీద పడి అద్దం మీద పడినట్లు తిరిగి లేచే కిరణం ఉంటాయి. కిరణం నేలతో ముప్పయి నలభై డిగ్రీల కోణం చేస్తున్నట్లు గీస్తారు. నిజంగా అంత కోణంలో వచ్చిన కిరణం వంగదు, నేరుగా ఇసుకలోకి పోతుంది.

లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. సాధారణ వాతావరణ పీడనంలో గాలి వక్రీభవన గుణకం 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 1.000255. ఇసుకకు ఆనిన గాలి 60 డిగ్రీలు ఉన్నదనుకుంటే అక్కడ అది సుమారు 1.000240. భేదం లక్షలో ఒకటిన్నర వంతు మాత్రమే. ఈ అంకెలతో సందిగ్ధ కోణం లెక్కిస్తే 89.7 డిగ్రీలు వస్తుంది. అనగా కిరణం ఇసుక తలంతో 0.3 డిగ్రీల కోణమైనా మించకుండా, దాదాపు సమాంతరంగా రావాలి. నిలుచున్న మనిషి కన్ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, అంత స్వల్ప కోణంలో చూడటానికి అతని చూపు సుమారు 270 మీటర్ల దూరాన ఇసుకను తాకాలి. అంతకంటే దగ్గరగా ఇసుక ఇసుకలాగే కనిపిస్తుంది. నడుస్తున్నకొద్దీ ఎండమావి వెనక్కు జరగటానికి కారణం ఇదే. ఆ 270 మీటర్ల హద్దు మనిషితోపాటు నడుస్తుంది. మోకాళ్ల మీద కూర్చొని కన్నును సగం ఎత్తుకు దించితే హద్దు కూడా సగానికి, అనగా 135 మీటర్లకు వస్తుంది. ఏ పరికరమూ లేకుండా విద్యార్థి దీనిని సరిచూడవచ్చు. పుస్తకంలోని బొమ్మ ఈ పరీక్షకు నిలవదు. 270 మీటర్ల అడ్డానికి ఒకటిన్నర మీటరు నిలువు అన్న కొలతను ఏ బొమ్మా చూపలేదు కనుక, "ఈ బొమ్మలో నిలువు కొలత అనేక రెట్లు పెంచబడింది" అని ఒక్క వాక్యం కింద వ్రాస్తే చాలు. ఆ వాక్యమే సాధారణంగా కనిపించదు.

ఇక "పరావర్తనం" అన్న మాట. పరావర్తనం జరగటానికి ఒక తలం ఉండాలి. ఇసుక మీది గాలిలో అటువంటి తలం ఏదీ లేదు. ఉష్ణోగ్రత ఒక పొర నుండి మరొక పొరకు మెట్టుగా కాక క్రమంగా మారుతుంది. కిరణం కూడా ఎక్కడా విరగకుండా, విల్లు వలె వంగి పైకి తిరుగుతుంది. కనుక జరిగేది ప్రధానంగా వక్రీభవనమే. 1798లో నెపోలియన్ సేనతో ఈజిప్టుకు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్పార్ మోంజ్ అక్కడి ఎడారిలో ఎండమావులను చూసి వాటి కారణాన్ని వివరించాడు. అది జరిగి రెండు శతాబ్దాలు దాటినా విషయం మూతపడలేదు. విశాఖపట్నంలో బాల్యవిద్య గడిపిన సి. వి. రామన్, ఎస్. పంచరత్నంతో కలిసి 1959లో ఎండమావుల కాంతిశాస్త్రంపై ఒక పరిశోధన పత్రం ప్రచురించి, తరంగ సిద్ధాంతం ఆధారంగా ఆ దృశ్యాన్ని పరిశీలించాడు. నోబెల్ బహుమతి పొందిన ముప్పయి ఏండ్లకు సమీపంలో కూడా అంతటి శాస్త్రజ్ఞునికి ఎండమావి ఇంకా ప్రశ్నగానే కనిపించింది. పదిహేనేళ్ల విద్యార్థికి మాత్రం దానిని ముగిసిపోయిన జవాబుగా అందిస్తున్నారు.

మాటల విషయంలో ఒక విచిత్రం గమనించదగినది. వక్రీభవనం అన్న పదానికి వంకరగా అగుట అని అర్థం. గాజుపలకతో దీనిని బోధించేటప్పుడు ఈ పదం పూర్తిగా అతకదు. అక్కడ కిరణం తలం వద్ద ఒక్కసారి విరిగి, మళ్లీ తిన్నగా పోతుంది. పదం తన అసలు అర్థంలో పూర్తిగా సార్థకమయ్యేది ఎండమావిలోనే. పదానికి అన్నిటికంటే చక్కని ఉదాహరణను పుస్తకం వేరొక పదం కిందికి నెట్టివేసింది.

ధ్వని కూడా వంగుతుంది

ధ్వని పాఠంలో పరావర్తనం ఉంటుంది, ప్రతిధ్వని ఉంటుంది. వక్రీభవనం సాధారణంగా ఉండదు. కాంతికే ఆ గుణం ఉన్నదని విద్యార్థి అనుకుంటాడు. కాని నది ఒడ్డు ఊళ్లలో ఉండేవారికి ఒక అనుభవం ఉంది. మధ్యాహ్నం ఎంత గట్టిగా పిలిచినా అందని దూరానికి, తెల్లవారుజామున మామూలు పిలుపే అందుతుంది. రాత్రివేళ ఆవలి ఒడ్డు గుడి గంట, డప్పు మోత స్పష్టంగా వినిపిస్తాయి. దీనికి సాధారణంగా చెప్పే కారణం రాత్రి నిశ్శబ్దంగా ఉండటం. అందులో కొంత నిజం ఉంది. కాని మిగిలిన నిజం వక్రీభవనంలో ఉంది.

ధ్వని వేడిగాలిలో వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. తరంగం ఏదైనా నెమ్మదిగా పోయే వైపుకు వంగుతుంది. పగలు నేల దగ్గర గాలి వేడి, పైన చల్లన. కనుక ధ్వని పైకి వంగి, దూరాన ఉన్నవారి తలల మీదుగా వెళ్లిపోతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాని మీది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు ధ్వని కిందికి వంగి, నది మీదుగా పాకి దూరం పోతుంది. ఉష్ణోగ్రత వల్ల ధ్వని ఈ విధంగా వంగుతుందని 1874లో ఇంగ్లండులో ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించాడు. గాలివాటున ధ్వని దూరం వినిపించటానికి, ఎదురుగాలిలో వినిపించకపోవటానికి అసలు కారణాన్ని అంతకుముందే 1857లో స్టోక్స్ చెప్పాడు. గాలి ధ్వనిని మోసుకుపోవటం అసలు కారణం కాదు. సెకనుకు 10 మీటర్ల గాలి కూడా ధ్వని వేగంలో మూడు వంతులకు, అనగా నూటికి మూడుకు, మించదు. నేల దగ్గర గాలి మందంగా, పైన జోరుగా వీచటం వల్ల ధ్వని గాలివాటున కిందికి, ఎదురుగాలిలో పైకి వంగుతుంది.

ఇక్కడ ధ్వనినీ కాంతినీ పక్కపక్కన నిలబెడితే పాఠానికి కొత్త వెలుగు వస్తుంది. వేడిగాలిలో రెండూ వేగంగానే పోతాయి. అందువల్ల వేసవి పగలు రెండూ పైకే వంగుతాయి. ఎండమావికీ, మధ్యాహ్నం పిలుపు అందకపోవటానికీ కారణం ఒక్కటే. భేదమంతా పరిమాణంలో ఉంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ధ్వని వేగం వెయ్యింట సుమారు 1.7 వంతులు మారుతుంది. కాంతి వేగం పది లక్షలలో సుమారు ఒక వంతు మారుతుంది. ధ్వని మార్పు కాంతి మార్పుకు దాదాపు రెండు వేల రెట్లు.

ఎత్తుకు పోయినకొద్దీ ప్రతి పది మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతున్నదనుకోండి. నేలకు సమాంతరంగా బయలుదేరిన ధ్వని అర కిలోమీటరు పోయేసరికి సుమారు 21 మీటర్లు పైకి లేస్తుంది. అది తాటిచెట్టు ఎత్తు. అదే గాలిలో అంతే దూరం పోయిన కాంతి కేవలం ఒక సెంటిమీటరు లేస్తుంది. మనిషి కనిపిస్తున్నా అతని కేక వినిపించకపోవటానికి ఇదే కారణం. కొంత ధ్వని చెదిరి కిందికీ చేరుతుంది కనుక పూర్తిగా నిశ్శబ్దం కాదు, సన్నగిల్లుతుంది. మరి కాంతి ఇంత తక్కువగా వంగితే ఎండమావి ఎట్లా ఏర్పడుతుందని తెలివైన విద్యార్థి అడగవచ్చు. ఇసుకకు ఆనిన కొద్ది సెంటిమీటర్లలోనే ఉష్ణోగ్రత అనేక డిగ్రీలు మారటం వల్ల అక్కడ కాంతి కూడా చెప్పుకోదగినంత వంగుతుంది.

మెరుపు, ఉరుముల పాఠానికి కూడా ఈ లోపమే ఉంది. మెరుపు ముందు, ఉరుము తరువాత అని చెప్పి, మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయని నేర్పుతారు. చక్కని పద్ధతి. అయితే ఈ లెక్క ప్రకారం 60 కిలోమీటర్ల దూరపు మెరుపుకు మూడు నిమిషాల తరువాత ఉరుము వినిపించాలి. వినిపించదు. వానాకాలపు రాత్రి నది ఆవలి ఆకాశంలో మెరుపులు ఎడతెగక మెరుస్తుంటాయి, ఒక్క ఉరుము కూడా ఉండదు. పుస్తకం మాటను నమ్మి సెకన్లు లెక్కపెట్టిన విద్యార్థికి జవాబు దొరకదు. ఎత్తుకు పోయినకొద్దీ వాతావరణం కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అందువల్ల పైనుండి బయలుదేరిన ఉరుము కూడా వంగుతుంది. నాలుగు కిలోమీటర్ల ఎత్తున పుట్టిన ఉరుము సుమారు 25 కిలోమీటర్ల దూరం వరకే నేలను తాకగలదు. ఆపైన అది నేలను తాకకుండానే పైకి తిరిగిపోతుంది. దూరం పెరగటం వల్ల బలహీనపడటం ఒక్కటే ఇందుకు కారణం కాదు.

340 అనే సంఖ్య

"గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు" అని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఏ ఉష్ణోగ్రత వద్ద అని అడిగితే ఎక్కువమంది చెప్పలేరు. సున్న డిగ్రీల వద్ద అది 331 మీటర్లు. ఆపైన డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 340 అన్నది సుమారు 15 డిగ్రీల నాటి సంఖ్య. అది ఐరోపా దేశాల వసంతకాలపు ఉష్ణోగ్రత, గోదావరి లోయలో చలికాలపు తెల్లవారుజాము ఉష్ణోగ్రత. 45 డిగ్రీల మే నెల మధ్యాహ్నం ఇక్కడ ధ్వని వేగం 358 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. తెలుగు పిల్లవాడు తన ఊరి గాలిలో సంవత్సరంలో అధికభాగం నిజం కాని సంఖ్యను స్థిరాంకంగా నేర్చుకుంటున్నాడు.

ఈ సంఖ్య వెనుక ఉన్న చరిత్ర కూడా షరతుల విలువనే చెబుతుంది. 1687లో న్యూటన్ తన మహాగ్రంథంలో ధ్వని వేగాన్ని సిద్ధాంతరీత్యా లెక్కించాడు. గాలి సంకోచించి వ్యాకోచించేటప్పుడు దాని ఉష్ణోగ్రత మారదని ఆయన లెక్కలో ఇమిడి ఉంది. ఆ పద్ధతిలో సున్న డిగ్రీల వద్ద 280 మీటర్లే వస్తుంది. కొలిస్తే 331. నూరేండ్లకు పైగా ఈ తేడాకు సమాధానం దొరకలేదు. సంపీడనం, విరళీకరణం అతి త్వరగా జరగటం వల్ల వేడి బయటికి పోవటానికి వ్యవధి ఉండదని, కనుక ఉష్ణోగ్రత మారుతుందని 1816లో లాప్లాస్ సవరించాడు. దానితో లెక్క, కొలత కలిశాయి. అంతటి న్యూటన్ సూత్రంలో తప్పినది గణితం కాదు, ఒక షరతు. ఈ కథను పుస్తకం చెప్పకపోవచ్చు. ఉపాధ్యాయుడు చెబితే షరతులను చిన్న విషయాలుగా చూడకూడదని విద్యార్థికి ఒక్కసారిగా తెలుస్తుంది.

అద్దం, బండరాతి గోడ

ధ్వని పరావర్తనాన్ని బోధించేటప్పుడు నునుపైన బల్ల, రెండు గొట్టాలు, గడియారం ఉపయోగిస్తారు. కాంతి వలె ధ్వని కూడా పతన కోణానికి సమానమైన కోణంలో తిరిగి వస్తుందని చూపుతారు. దానితో ధ్వనికి కూడా నునుపైన తలం కావాలన్న అభిప్రాయం విద్యార్థికి కలుగుతుంది. కాని ప్రతిధ్వని బండరాతి గోడ నుండీ వస్తుంది, కొండచరియ నుండీ వస్తుంది, దట్టమైన అడవి అంచు నుండి కూడా వస్తుంది. ఆ గోడలో ఎవరికీ ముఖం కనిపించదు.

నునుపు అన్నది తలానికి మాత్రమే సంబంధించిన గుణం కాదు. తరంగదైర్ఘ్యంతో పోల్చి చెప్పవలసిన గుణం. సెకనుకు వెయ్యి కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 34 సెంటిమీటర్లు. పచ్చని కాంతికి అది సెంటిమీటరులో సుమారు ఇరవై వేలవ వంతు. బెత్తెడు ఎత్తుపల్లాలున్న రాతిగోడ 34 సెంటిమీటర్ల తరంగానికి చదునైన అద్దమే. కాంతికి మాత్రం అది కొండలూ లోయలూ. గోడ మూల వెనుక నిలుచున్నవాని మాట వినిపించి మనిషి కనిపించకపోవటానికి కూడా ఈ తరంగదైర్ఘ్యాల భేదమే కారణం. పొడవైన తరంగం అడ్డు చుట్టూ తేలికగా వంగుతుంది. దీనికి వివర్తనం అని పేరు. రెండు అధ్యాయాలను కలిపే ఈ ఒక్క సంఖ్య, అనగా తరంగదైర్ఘ్యాల నిష్పత్తి, పాఠంలో ఉండవలసిన చోట ఉండటం లేదు.

హెచ్చు అన్న మాటకు రెండర్థాలు

పారిభాషిక పదాల సంగతి కూడా చెప్పుకోవాలి. "తీవ్రత", "తారత్వం" అన్న రెండు పదాలను విద్యార్థులు తరచు తారుమారు చేస్తారు. నేరం వారిది కాదు. వాడుకలో "హెచ్చు గొంతు" అంటే పెద్ద గొంతు అనీ, కీచుగొంతు అనీ రెండర్థాలు వస్తాయి. తారత్వం అన్న పదం సంగీతంలోని మంద్ర, మధ్య, తార స్థాయిలతో సంబంధం ఉన్నది. ఆ సంబంధం చెబితే పదం దానంతట అదే అర్థమవుతుంది. పౌనఃపున్యం కూడా పలకటానికి కష్టమైనా మంచి పదమే. పునఃపునః అనగా మళ్లీ మళ్లీ. ఒక సెకనులో కంపనం ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ జరుగుతుందో అదే పౌనఃపున్యం. పదాన్ని విప్పి చెప్పకుండా నిర్వచనం వ్రాయించటం వల్లనే అది గుదిబండ అవుతున్నది.

ఉదాహరణ కోసం శ్రుతిదండాన్నే వెదకనక్కరలేదు. తెలంగాణ పల్లెల్లో డప్పు వాయించే ముందు మంట దగ్గర కాచటం అందరూ చూసినదే. వేడికి తోలులోని తేమ పోయి బిగుసుకుంటుంది. బిగువు పెరిగితే కంపనాలు త్వరితమై తారత్వం పెరుగుతుంది. కాచిన డప్పును గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా మారేది తీవ్రత. ఒకే వాయిద్యం రెండు పదాలనూ వేరుచేసి చూపుతుంది. అదే వేడికి సన్నాయి శ్రుతి కూడా కొంత పెరుగుతుంది, కాని అక్కడ కారణం గొట్టంలోని గాలిలో ధ్వని వేగం పెరగటం. మృదంగం, తబలాల నాదాన్ని రామన్ 1920లోనే శాస్త్రీయంగా పరిశీలించి, మూతల మధ్య వేసే నల్లని కరణి వల్ల వాటి ఉపస్వరాలు మూలస్వరానికి సరియైన గుణిజాలుగా కుదురుతాయని సహపరిశోధకునితో కలిసి ప్రకటించాడు. సామాన్యమైన తోలుపొరకు ఆ గుణం లేదు. మన వాయిద్యాలు భౌతికశాస్త్రానికి తగినవి కావన్న సంకోచం ఉపాధ్యాయునికి అవసరం లేదు.

చేయదగినది

ఈ విమర్శకు ఒక ఆక్షేపణ రావచ్చు. పాఠ్యపుస్తకానికి పుటల పరిమితి ఉంది, విద్యార్థులు చిన్నవారు, షరతులన్నీ చెబితే గందరగోళం కలుగుతుంది అని. ఆక్షేపణలో న్యాయం ఉంది. సులభం చేయటం పాఠ్యపుస్తకం పని. అయితే సులభం చేయటం వేరు, కోసివేయటం వేరు. "ఒకే తీరుగా ఉన్న యానకంలో", "15 డిగ్రీల వద్ద" అన్న మాటలకు పట్టే స్థలం అర పంక్తి. అవి గందరగోళం కలిగించవు. పైపెచ్చు, "ఒకే తీరుగా లేకపోతే ఏమవుతుంది?" అన్న ప్రశ్నను విద్యార్థి చేతికి ఇస్తాయి. ఆ ప్రశ్న నుండే ఎండమావి, రాత్రి వినిపించే గంట, ఉరుము లేని మెరుపు మూడూ వస్తాయి.

పుస్తకం మారేవరకు ఉపాధ్యాయుడు వేచి ఉండనవసరం లేదు. బడి గోడకు సరిగా 100 మీటర్ల దూరాన ఒక విద్యార్థిని నిలబెట్టి, రెండు కొయ్యముక్కలను తట్టమనాలి. గోడ నుండి ప్రతిధ్వని వచ్చిన క్షణానికే మరల తట్టేట్లు లయ కుదుర్చుకోవాలి. అప్పుడు రెండు తట్టుల మధ్య ధ్వని పోయి వచ్చిన దూరం 200 మీటర్లు. ఇట్లా వంద విరామాలకు పట్టిన కాలాన్ని మరొక విద్యార్థి గడియారంతో చూడాలి. జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో ఈ ప్రయోగానికి సుమారు 59 సెకన్లు పడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో సుమారు 56 సెకన్లు. మూడు సెకన్ల తేడాను మామూలు చేతి గడియారమే పట్టుకుంటుంది. ధ్వని వేగం స్థిరాంకం కాదన్న సంగతిని ఆ తరగతి మరి ఎన్నడూ మరచిపోదు. చెప్పినందువల్ల కాక, కొలిచినందువల్ల.

ధ్వని, కాంతి పాఠాలు అబద్ధాలు చెప్పటం లేదు. నిజాలను హద్దులు లేకుండా చెబుతున్నాయి. హద్దు చెప్పని నిజం గోదావరి ఒడ్డున మొదటి వేసవిలోనే ఓడిపోతుంది. ఓడినది పుస్తకంలోని వాక్యమే అయినా, నష్టపోయేది భౌతికశాస్త్రం మీద విద్యార్థికి ఉన్న విశ్వాసం. తాను చూసినదానికీ చదివినదానికీ తేడా వచ్చినప్పుడు "షరతు ఎక్కడ మారింది?" అని అడగగలిగిన విద్యార్థి మహదేవపూర్‌లో ఉన్నా, మరెక్కడ ఉన్నా, శాస్త్రజ్ఞుడు వేసే మొదటి ప్రశ్న వేసినవాడే అవుతాడు. ఆ ప్రశ్న వేయటం నేర్పని పాఠం పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చినా అసంపూర్ణమే.